కడగని పైపు

జూన్ 2

చిన్నీ,

ఫోన్లో మనం తిన్నావా, పడుకున్నావా దగ్గరే గిరగిరా తిరుగుతున్నాం. అసలు సంగతి అందులో చెప్పలేను. మాకున్నది ఒక్క గది, దాని నడిమధ్య మీ బావ మంచం. లిఫ్టు బాగుచేస్తూ గుంతలో పడ్డ రోజున నడుం కిందంతా చచ్చుబడిందిగానీ, చెవులు మాత్రం మునుపటికన్నా పదునెక్కాయి. బాల్కనీలోకి వెళ్ళి మాట్లాడితే ఇంకా అనుమానం. నేను పనిచేసే పళ్ళ క్లినిక్‌లో ఫోన్ ముట్టనివ్వరు, అందుకని రోగులు లేని వేళ చూసుకుని రాస్తున్నాను.

ఆయన యూరిన్ పైపు మాటిమాటికీ పూడిపోతోంది. కొత్తది పెట్టిన వారం బాగానే ఉంటుంది, ఆ తర్వాత లోపల సున్నం పేరుకుంటుంది. నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర పడుతుందే, అచ్చం అదే. పైపు మూసుకుంటే మూత్రం వెనక్కి తంతుంది, జ్వరం వస్తుంది. ఒక కిడ్నీ ఇప్పటికే పోయింది. ఇలాగే పూడుతూ పోతే రెండోదీ దక్కదని కిడ్నీ డాక్టరు మొన్న నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. మీ బావకి చెప్పలేదు. చెప్పకుండా ఆయన మొహంలోకి చూడటం నాకు చేతకావడం లేదు, అందుకని ఎప్పుడూ ఏదో ఒకటి తుడుస్తూ ఉంటున్నాను.

పోయినసారి వచ్చినప్పుడు నువ్వు చెప్పావు, మీ ల్యాబులో ఊదా రంగు వెలుగు వచ్చే యంత్రం ఉందని, అందులో పెట్టి తీసిన పైపుకి క్రిములు పట్టవని. అప్పుడు నేను ఆవలించాను. ఇప్పుడు సిగ్గు విడిచి అడుగుతున్నాను. అలాంటివి రెండు మూడు పంపు.

ఇక్కడ మా పళ్ళ డాక్టరుతో నిన్న పెద్ద గొడవ. మా ఆటోక్లేవులో పనిముట్లు ఆవిరికి ఉడికాక కవరు మీద గీత నల్లబడుతుంది. గీత నల్లబడని కవరులోంచి పనిముట్టు అడిగాడు. ఇవ్వనన్నాను. కొత్త ప్యాకెట్టేగా, కంపెనీ నుంచి శుభ్రంగానే వచ్చిందంటాడు. మీరు చూశారా అన్నాను, రోగి ముందే. పాపం, నోరు మూసుకుని ఉడికేదాకా ఆగాడు. నా చేతి మీదుగా ఉడకనిది మనిషి ఒంట్లోకి పోదు, అంతే.

ఆవలించినందుకు క్షమించమంటూ,
మీ అక్క


జూన్ 12

అక్కా,

ముందే చెప్పేస్తాను, పంపలేను. ఉత్తరం చింపేయకుండా ఎందుకో విను.

పైపు సిలికాన్‌ది. దానికి ఏదీ అంటుకోదు, నూనె రాసిన పళ్ళెం మీద కాగితం అంటించినట్టు జారిపోతుంది. ఆ పైపుని గాలి తీసేసిన డబ్బాలో పెట్టి, కాస్త గ్యాసు వదిలి, కరెంటు ఇస్తాం. గ్యాసు ఊదాగా వెలుగుతుంది, దాన్నే ప్లాస్మా అంటాం. అది పైపు పై పొరని మాత్రమే తాకి, దానికి చేతులు మొలిపిస్తుంది. ఆ చేతులు ముడుచుకోకముందే ఎంజైము కలిపిన నీళ్ళలో ముంచాలి. ఎంజైము ఆ చేతుల్ని పట్టుకుంటే ఇక కడిగినా ఊడదు. క్రిములు గుంపుగా కాపురం పెట్టడానికి ఒక జిగురు పూసుకుంటాయి. మా ఎంజైము ఆ జిగురుని తెంపుతూ కూర్చుంటుంది. జిగురు లేకపోతే గుంపు లేదు, గుంపు లేకపోతే నువ్వు చెప్పే సున్నం లేదు.

ఇదంతా గాజు సీసాలోనే అక్కా. మనిషి ఒంట్లో ఇంకా ఒక్కసారి కూడా పెట్టలేదు. పెట్టాలంటే ఆసుపత్రిలో పరీక్షలు జరగాలి, దానికి కమిటీ ఒప్పుకోవాలి. ల్యాబు నడిపే మా పెద్దాయన ఫైలు పంపి ఎదురుచూస్తున్నాడు. ఒప్పుకుంటే మొదటి రోగుల్లో బావ ఉండాలని అప్పుడే ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను. సరేనన్నాడు. కొన్నాళ్ళు ఓపిక పట్టు.

నేను చేసిన పైపు వల్ల బావకి ఏమైనా అయితే నేను నీ గుమ్మం తొక్కగలనా? నన్ను పీటల మీదికి నడిపించుకుంటూ తీసుకెళ్ళిన మనిషి, సైకిలు నేర్పిన మనిషి. ఆయన మీద ప్రయోగం చెయ్యమంటున్నావు.

తిట్టుకో, కానీ మాట్లాడటం మానకు.
చిన్ని


జూన్ 20

బాగా చదువుకున్న చెల్లికి,

మొన్న మళ్ళీ పూడింది. నేను క్లినిక్ నుంచి వచ్చేసరికి మంచం ఇనప కాళ్ళు నేల మీద టకటకా కొట్టుకుంటున్నాయి, అంత వణుకు. పక్కింటావిడ దుప్పటి మీద దుప్పటి కప్పుతోంది. లిఫ్టు కదులుతున్నట్టుంది, ఏ అంతస్తు నొక్కారు అని ఆవిడతో పళ్ళు కటకటలాడుతున్నా జోకేశాడు. ఆవిడ నవ్వలేక బాల్కనీలోకి వెళ్ళి ఏడ్చింది. నేనే పైపు మార్చాను. వచ్చింది మూత్రం కాదు, కుండలో అడుగున మిగిలే తేటలేని నీళ్ళు.

పరీక్షించనిది పెడితే ఏమవుతుందోనని నువ్వు భయపడుతున్నావు. పరీక్షించినవి పెడితే ఏమవుతోందో నేను కళ్ళారా చూస్తున్నాను. నీకు కమిటీ ఉంది. నాకు ఈ మంచం ఉంది.

ఇంకోసారి అడగను. అలిగి కాదు, అడిగే ఓపిక లేక.

అక్క


జూలై 1

అక్కా,

ఈ డబ్బాలో మూడు పైపులున్నాయి. పెద్దాయన సెలవులో ఉండగా నా చేత్తో చేశాను. యంత్రం మూత వేస్తూ రెండుసార్లు తలుపు వైపు చూశాను. ఆ ఊదా వెలుగుని ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, దొంగతనంగా చూడటం ఇదే మొదటిసారి.

కవర్ల మీద ఏమీ రాయలేదు, ముద్ర వేయలేదు. ఎవరి కంటైనా పడితే నా కొంప మునుగుతుంది. వాడేదాకా ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టు. శుభ్రం గురించి నీకు నేను చెప్పడమేమిటి, మీ క్లినిక్‌లో ఎలా చూస్తావో వీటినీ అలాగే చూడు. జ్వరం తగిలినా, రక్తం కనిపించినా వెంటనే తీసేసి ఆసుపత్రికి పరుగెత్తు. డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పు, నా ఉద్యోగం సంగతి ఆలోచించకు. తీశాక పైపుని నేను పంపిన సీసాలో పెట్టి నాకు పోస్టు చెయ్యి.

బావకి మాత్రం చెప్పకు. ఆయన మొహమాటానికి బాగానే ఉందంటాడు, నాకు నిజం కావాలి.

భయంతో,
చిన్ని


జూలై 10

నా తల్లీ,

పెట్టాను. నర్సు నేర్పినట్టే నేనే మార్చాను. నువ్వు చెప్పినట్టు క్లినిక్‌లో ఎంత శుభ్రమో అంత శుభ్రం, వెంట్రుకవాసి లోటు చెయ్యలేదు. ఇవాళ్టికి సాఫీగా ఉంది. సంచీలోకి చూసి మీ బావ, ఏమిటే ఇంత తేటగా ఉంది, ఏం మంత్రం వేశావన్నాడు. నీళ్ళు ఎక్కువ తాగుతున్నావుగా అన్నాను. అబద్ధం ఆడేటప్పుడు నీ ముక్కు కొస ఎర్రబడుతుంది అన్నాడు.

నిన్న చాలా రోజుల తర్వాత గడ్డం గీసుకుంటానన్నాడు. అద్దం పట్టుకున్నాను. సగం గీసి, ఈ సగం బాగుందా ఆ సగం బాగుందా అంటాడు. నేను నవ్వాను చిన్నీ. నవ్వి ఎన్నాళ్ళయిందో, దవడలు నొప్పెట్టాయి.

నువ్వు వేళకి తిను. చిక్కిపోతే బావ నన్నే అంటాడు.

అక్క


జూలై 18

అక్కా,

నీ ఉత్తరం చదివి ల్యాబు మెట్ల మీద కూర్చుండిపోయాను. మెట్లు తుడుస్తున్న ఆవిడ ఒంట్లో బాలేదా అని నీళ్ళు తెచ్చిచ్చింది. సంతోషం అని చెప్తే నమ్మలేదు.

మనిషి ఒంట్లో పనిచేస్తోంది! ఎవరికీ చెప్పలేను, నోరు కట్టేసినట్టుంది. కమిటీ వచ్చే నెల కూర్చుంటుందట. వాళ్ళు ఒప్పుకుంటే ఇలా దొంగచాటుగా కాదు, దర్జాగా బావకి ఎన్ని కావాలంటే అన్ని. ఇంకొక్క నెల. గడ్డం రెండో సగం కూడా గీయించు.

చిన్ని


జూలై 22

చిన్నీ,

నీ సంతోషం ఉత్తరం ఆసుపత్రి వరండాలో అందింది. పక్కింటావిడ తెచ్చిచ్చింది. దాన్ని మడిచి చీర కొంగులో ముడేసుకున్నాను, చదవబుద్ధి కాలేదు, తర్వాత చదివాను.

పూడిపోయింది. ఎప్పటిలాగే, ఎప్పుడు పూడుతుందో అప్పుడే. ఒక రోజు అటూ లేదు, ఇటూ లేదు. జ్వరం ఎక్కడిదాకా పోయిందంటే నన్ను గుర్తుపట్టక నన్నే పట్టుకుని, మా ఆవిడ వచ్చిందా అని అడిగాడు. తెల్లటి సున్నం, అదే సున్నం. కిడ్నీ ఇంకో మెట్టు దిగిందన్నారు.

నిన్నేమీ అనను. నువ్వు వద్దన్నావు, నేనే వినలేదు. ఇంటికి వచ్చాక నీ రెండోది పెట్టాను. మొదటిదే చెడ్డదేమో, ఇదైనా మంచిదేమోనని ఆశ. ఆశకి సిగ్గుండదు. తీసిన పైపు సీసాలో పెట్టి పంపుతున్నాను, నీ చేతికి మురికి అంటకూడదని బాగా కడిగాను.

అక్క


ఆగస్టు 2

అక్కా,

రెండోది వెంటనే తీసెయ్. మూడోది పెట్టకు.

సీసా వచ్చింది. నా బల్ల సొరుగులో ఉంది. తెరవలేకపోతున్నాను. తెరిచి ఏం చూడాలి? గాజు సీసాలో గెలిచింది, మనిషి ఒంట్లో ఓడిపోయింది. నేను బావకి పంపింది మందు కాదు, ఇంకో మూసుకుపోయే గొట్టం.

నిన్న పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఎలా తెలిసిందో చెప్పకుండా, ఈ పూత మనిషి ఒంట్లో నిలవదని నాకు నమ్మకంగా తెలుసు, కమిటీ ముందు నుంచి ఫైలు వెనక్కి తీసుకోండి అని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. నా మాట మీద ఆయనకి గురి. తీసేసుకున్నాడు. ఇంకెవరి భర్తకీ ఇలా జరగకూడదు కదా. కానీ దానితో పాటు బావ పేరూ పోయింది. ఆ సంగతి ఇంటికి వచ్చి తలుపు వేసుకున్నాక తట్టింది.

నాకు నిద్ర లేదు.

చిన్ని


ఆగస్టు 8

చిన్నమ్మాయి గారికి,

రెండోదీ పూడింది. నువ్వు తియ్యమని రాసిన ఉత్తరం వచ్చేలోపే అదే తన పని చేసింది. మళ్ళీ ఆసుపత్రి. ఇవాళే ఇంటికి తెచ్చాం. మంచం మీద పడుకోబెడుతుండగా నీ ఫోను. ఎలా ఉన్నాడని అడగలేదు. మిగిలింది ముట్టుకోకు, దాన్ని ఏమీ చెయ్యకు, ఫ్రిజ్‌లోంచి తియ్యకు అని ఒకటే కేకలు. బావ పక్కనే ఉన్నాడు, సరే సరే అని పెట్టేశాను. నాకు అర్థమైందిలే. ఆ ఒక్క పైపు ఎవరి చేతికైనా చిక్కితే నీ ఉద్యోగం పోతుంది. నా ఇంట్లో మనిషి పోతున్నాడు, నీకు నీ దొంగసొత్తు గొడవ.

ఫైలు కూడా వెనక్కి తీయించావు. మా కోసం ఉన్న ఒక్క తలుపూ నీ చేత్తోనే మూశావు. మమ్మల్ని ఒక్క మాట అడిగావా?

మీ బావ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయన తిరగలేడు, నేనే తిప్పాను, తిప్పమన్నాడు.

అక్క


ఆగస్టు 9

అక్కా,

ఫోన్లో నువ్వు మాట్లాడలేవని తెలిసీ అరిచాను. ఈ ఉత్తరం పూర్తిగా చదువు, నిలబడి చదవకు.

నిన్న ధైర్యం చేసి సీసా తెరిచాను. పైపు ముక్క కోసి రంగు పరీక్ష చేశాను. ఎంజైము ఉందో లేదో చూపించే నీలం రంగు నిండుగా పట్టింది. అంటే ఊడలేదు, వేసినది వేసినట్టే ఉంది. కానీ పనిచేస్తోందా అని చూసే పసుపు రంగు అస్సలు రాలేదు. ఎంజైము ఉంది, చచ్చి ఉంది. ఒంటి వేడికి అది చావదు. వారాలపాటు మూత్రంలో నానబెట్టి చూశాను, చావదు. ఒక్కటే దాన్ని అలా చంపుతుంది.

అక్కా, పైపు పెట్టే ముందు ఆటోక్లేవులో పెట్టావా?

నేను వాటిని గ్యాసుతో క్రిములు లేకుండా చేసే పంపాను. ఆ మాట రాయలేదు. కవరు మీద ఏమీ రాయని దాన్ని నేను, రాయనిదేదీ నమ్మని దానివి నువ్వు. క్లినిక్‌లో చూసినట్టే చూడమని నా చేత్తోనే రాశాను. ఎంజైముకి ఆవిరి తగిలితే గుడ్డు ఉడికినట్టే, మళ్ళీ పచ్చిది కాదు. మా ల్యాబులో చిన్నపిల్లకైనా తెలిసిన సంగతి, అందుకే నీకు చెప్పాలని తోచలేదు.

ఇంకో మాట, చెప్పకూడదేమో. అంత ఆవిరిలో ఉడికి, బావ ఒంట్లో ఉండి, నువ్వు తోమి కడిగాక కూడా అది పైపుని వదల్లేదు. నా బల్ల దగ్గర నిలబడి ఆ నీలం రంగు చూసి ఏడ్చాను.

మూడోది ఉడికించావా లేదా, అది చెప్పు చాలు.

చిన్ని


ఆగస్టు 19

చిన్నీ,

ఉడికించాను. రెండూ కలిపి, నిండు ఆవిరిలో. గీత నల్లబడేదాకా నిలబడి చూశాను. నల్లబడ్డాక ఎంత తృప్తి పడ్డానో నీకెలా చెప్పను! ఇంట్లోవాడి కోసం కదా అని ఇంకోసారి కూడా తిప్పాను.

నీ ఉత్తరం క్లినిక్‌లో ఆ యంత్రం పక్కనే కూర్చుని చదివాను. అది బుస్సుమంటూ ఆవిరి వదిలింది, నేను లేచి బయటికి వచ్చేశాను. డాక్టరు లోపల్నుంచి పనిముట్లు అడుగుతూనే ఉన్నాడు.

మూడోది ఉడకలేదు. ట్రేలో రెండే పట్టాయి, వంగితే పాడవుతుందని దాన్ని పక్కన పెట్టి మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టాను. నా మంచితనం కాదు, ట్రే చిన్నది.

మొన్న పెట్టాను. చేతులు మోచేతుల దాకా కడుక్కున్నాను, కవరు చింపాను, పెట్టేశాను. గీత లేని, ముద్ర లేని కవరు. నా ఒళ్ళంతా వద్దు వద్దు అంటూనే ఉంది. ఈసారి కిడ్నీ డాక్టరుకి ముందే చెప్పాను. ఆయన మండిపడ్డాడు, ఆ తర్వాత రోజూ జ్వరం చూసి ఫోన్ చెయ్యమన్నాడు. మీ బావకీ అంతా చెప్పేశాను. ఆయన నా చెయ్యి పట్టుకుని, “నువ్వు ఉడకబెట్టకపోతే ఆశ్చర్యపోవాలిగానీ” అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఫోన్ గురించి నేను రాసిన ఉత్తరం చింపెయ్.

అక్క


సెప్టెంబరు 12

అక్కా,

పెద్దాయనకి మొదటి నుంచీ చెప్పాను. కూర్చోమని కూడా అనలేదు. యంత్రం గది తాళంచెవి బల్ల మీద పెట్టమన్నాడు, పెట్టాను. ఇప్పుడు నేను సీసాలు కడిగే గదిలో ఉన్నాను. ఉద్యోగం ఉంటుందో లేదో పై నెలలో తెలుస్తుంది. ఫైలు మళ్ళీ పంపమని అడిగాను. ఒకసారి నీ మాట విని తీశాను, ఇప్పుడు నీ మాట విని ఎలా పంపను, మనిషి ఒంట్లోంచి వచ్చిన మంచి పైపు ఒక్కటి ఉందా నీ దగ్గర అన్నాడు. నా దగ్గర ఉన్నది చచ్చిన పైపు ఒక్కటే.

కాబట్టి బావకి కొత్తది నేను చెయ్యలేను. తలుపు అద్దంలోంచి ఊదా వెలుగు కనిపిస్తుంది, ఇంకెవరో నడుపుతున్నారు. బావ ఎలా ఉన్నాడు? నీ దగ్గర్నుంచి మాట లేక నా ప్రాణం అరచేతిలో పెట్టుకుని ఉన్నాను.

చిన్ని


అక్టోబరు 3

చిన్నీ,

రాయనందుకు ఏమీ అనుకోకు. రాయడానికి ఆగాను, చూసి రాద్దామని.

పైపు పూడలేదు. పూడే రోజు వచ్చింది, పోయింది. నేను ఆ రోజు సెలవు పెట్టి మంచం పక్కనే కూర్చున్నాను. రెండో వారం దాటింది, నెల దాటింది. ఒక్కసారి జ్వరం లేదు. ఇన్నేళ్ళలో ఒక పైపు అన్నాళ్ళు ఉండటం ఇదే మొదలు. డాక్టరు సంచీ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

కానీ రానురాను సంచీ నిండటం తగ్గింది. పూడిందేమోనని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పూడలేదు. రావలసిందే రావడం లేదు. ఆ రెండు జ్వరాలకి కిడ్నీ చేతులెత్తేసింది, ఇప్పుడు నెమ్మదిగా చెప్తోంది అన్నారు. పోయిన వారం నుంచి డయాలసిస్. మిషను మీద పడుకుని మీ బావ, “గొట్టం బ్రహ్మాండంగా ఉంది, పైన ట్యాంకే ఖాళీ అయింది. మీ చెల్లి పని గెలిచిందని రాయి” అన్నాడు. అందుకే రాస్తున్నాను, లేకపోతే నాకు రాయడానికి చెయ్యి వచ్చేది కాదు.

ఆ రెండూ ఉడకకపోయి ఉంటే ఏమయ్యేదో నువ్వు ఆలోచించకు. నేనూ ఆలోచించకూడదనుకుంటాను. పనిముట్లు ట్రేలో సర్దుతున్నంతసేపూ అదే ఆలోచిస్తాను.

ఈ పైపు ఇక అక్కర్లేదని నిన్న తీసేశాం. తీసి కిటికీ దగ్గర వెలుతురుకి ఎత్తి పట్టాను. ఈ కొస నుంచి చూస్తే ఆ కొసన ఆకాశం కనిపించింది.

దాన్ని ఈ డబ్బాలో పంపుతున్నాను. మీ పెద్దాయన బల్ల మీద పెట్టు. ఆయన కసిరినా పెట్టు. మాలాగా మంచం పక్కన కూర్చున్నవాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారో. కవరు మీద ఎవరి ఒంట్లో ఉందో, ఎప్పుడు పెట్టామో, ఎప్పుడు తీశామో అన్నీ పెద్ద అక్షరాలతో రాశాను, డాక్టరు చేత సంతకం పెట్టించాను. తీసింది తీసినట్టే పెట్టాను చిన్నీ. కడగలేదు.

మీ అక్క